తల్లి తప్పు కాదు

కొండగట్టు పేరు విననివారు ఉత్తర తెలంగాణలో ఉండరు. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే తొవ్వలో ఈ గుట్ట ఉంది. జగిత్యాల ఇంకా 15 కిలోమీటర్లు ఉందనగా వస్తుంది. ముత్యంపేట ఊరి పక్కన, మల్యాల మండలంలో ఉంది. ఒకప్పుడు ఇది కరీంనగర్ జిల్లా. 2016 నుంచి జగిత్యాల జిల్లా. గుట్ట మీద ఆంజనేయస్వామి గుడి ఉంది.

ఈ గుడికి ఒక కథ ఉంది. సింగం సంజీవుడు అనే పశువుల కాపరి ఉండేవాడట. ఒకనాడు ఆవు తప్పిపోయింది. వెతికి వెతికి అలసి, చింతచెట్టు కింద పడుకున్నాడు. కలలో స్వామి కనిపించాడు. 'ముండ్లపొదలో ఉన్నాను. ఎండకు ఎండుతున్నాను, వానకు తడుస్తున్నాను. నాకు నీడ చూపు' అన్నాడట. లేచి చూస్తే పొదలో స్వామి ఉన్నాడు. సంజీవుడు అక్కడే చిన్న గుడి కట్టాడని చెబుతారు.

మంగళవారం, శనివారం ఇక్కడ జనం ఎక్కువ. హనుమాన్ జయంతికి దీక్ష తీసుకున్న స్వాములు లక్షల మంది వస్తారు. పిల్లలు లేనివారు మొక్కుకుంటారు. మనసు బాగా లేనివారిని కూడా ఇక్కడికి తెస్తారు. కొందరిని గుడి దగ్గరే 40 రోజులు ఉంచుతారు.

అలా వచ్చేవారిలో చిన్న పిల్లల తల్లులు కూడా ఉంటారు. వాళ్ల బాధ దాదాపు ఒక్క తీరే ఉంటుంది.

"నాలుగేండ్లు నిండినయి. అవ్వా అని పిలుస్తలేడు."

"పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. టీవీల పాట వస్తే మాత్రం ఉరికొస్తడు."

"పిల్లలతోటి ఆడడు. చెప్పులన్నీ తెచ్చి వరుసగ పెడ్తడు. ఒక్కటి జరిపితే ఇల్లు పీకి పందిరేస్తడు."

"గాలి సోకింది అన్నరు. తాయెత్తు కట్టించిన. ఏం లాభం లేదు."

ఈ పిల్లలందరికీ ఒకటే కారణం ఉండాలని లేదు. కొందరికి చెవులు వినపడకపోవచ్చు. కొందరికి బుద్ధి ఎదగడం ఆలస్యం కావచ్చు. కొందరికి ఉన్నది ఆటిజం కావచ్చు. ఈ పాఠం ఆటిజం గురించి.

ఆటిజం అంటే ఏమిటి?

ఆటిజం గాలి కాదు, ధూళి కాదు. చేతబడి కాదు. పిచ్చి కాదు. అంటువ్యాధి కాదు. అది మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా. బిడ్డ పుట్టకముందే ఆ తేడా మొదలవుతుంది. బయటికి కనిపించేది మాత్రం రెండు మూడేండ్ల వయసులో.

ఆటిజం ఉన్న పిల్లలకు ఎదుటివారి ముఖం చూసి మనసు తెలుసుకోవడం కష్టం. మాట ఆలస్యంగా రావచ్చు. కొందరికి అసలు రాకపోవచ్చు. కొందరు చక్కగా మాట్లాడతారు. కాని తమకు ఇష్టమైన ఒక్క సంగతే మాట్లాడతారు. రోజూ పోయే తొవ్వ మారితే భయపడతారు. తినే పళ్లెం మారినా ఒప్పుకోరు.

ఇలాంటివారు తక్కువేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రతి 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. ఈ లెక్కన పెద్ద ఊరు ఏది తీసుకున్నా, అక్కడ కొందరు ఉండే ఉంటారు. ఆటిజం ఆడపిల్లలకు కూడా ఉంటుంది. కాని ఆడపిల్ల మాట్లాడకపోతే 'నెమ్మదస్తురాలు' అంటారు. అందుకే ఆడపిల్లలను ఆలస్యంగా గుర్తిస్తారు.

జాతరలో ఎందుకు ఏడుస్తాడు?

జాతరలో ఒక పిల్లవాడు ఒక్కసారిగా కింద పడి పొర్లుతాడు. చెవులు మూసుకుని అరుస్తాడు. తల నేలకేసి కొట్టుకుంటాడు. చుట్టూ ఉన్నవారు 'గాలి లేచింది' అంటారు.

అక్కడ నిజంగా జరిగేది వేరు. ఆటిజం ఉన్న చాలామందికి చెవి, కన్ను, ముక్కు, చర్మం అతిగా పనిచేస్తాయి. పెద్దలకు మామూలుగా వినిపించే గంట, వాళ్లకు చెవి పక్కన పటాకా పేలినట్టు ఉంటుంది. గుడి దగ్గర గంటలు మోగుతాయి. మైకు మోగుతుంది. జనం తోసుకుంటారు. ఎండ, చెమట, పొగ, కొత్త ముఖాలు. ఇవన్నీ ఒకేసారి మీద పడితే ఆ పిల్లవాడు తట్టుకోలేడు. 'నాతోని అయితలేదు' అని చెప్పడానికి మాట లేదు. అందుకే అరుస్తాడు.

అలాంటప్పుడు కొట్టకూడదు. మీద నీళ్లు చల్లకూడదు. పదిమంది చుట్టూ చేరకూడదు. నీడకు, చప్పుడు లేని చోటుకు తీసుకుపోవాలి. పక్కన ఊరికే కూర్చోవాలి. కాసేపటికి దానంతట అదే తగ్గుతుంది.

దేవుని మొక్కు తీర్చుకోవద్దని ఎవరూ అనరు. కాని జనం తక్కువ ఉన్న రోజు చూసుకోవాలి. పొద్దున్నే పోవాలి. చెవుల్లో కొంచెం దూది పెట్టాలి. ఎక్కడికి పోతున్నదీ ముందు రోజే చెప్పాలి. మొక్కు మొక్కే. దవాఖాన దవాఖానే. ఒకదాని కోసం ఇంకొకటి మానవద్దు. భూతవైద్యం పేరుతో కొట్టేవాడికి, వాతలు పెట్టేవాడికి మాత్రం బిడ్డను అప్పగించవద్దు.

తల్లి మీద నింద

బిడ్డకు మాట రాకపోతే ఊరు ముందు తల్లినే అంటుంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందంటారు. బీడీల పని మీద పడి బిడ్డను పట్టించుకోలేదంటారు. మొగుడు దుబాయిలో ఉంటే ఇంకా మాటలంటారు. అత్త అంటుంది, ఆడబిడ్డ అంటుంది. చివరికి తల్లి కూడా 'నా తప్పే' అనుకుంటుంది.

చదువుకున్న డాక్టర్లు కూడా ఒకప్పుడు ఇదే తప్పు చేశారు. 1950లలో, 1960లలో అమెరికాలో పేరున్న వైద్యులు కొందరు ఒక మాట చెప్పారు. తల్లి ప్రేమ చూపకపోవడం వల్లనే ఆటిజం వస్తుందన్నారు. వేలమంది తల్లులు ఆ నింద మోశారు.

1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే ఆయన ఆ మాట తప్పని పుస్తకం రాశాడు. ఆయన కొడుకుకే ఆటిజం ఉంది. 1977లో ఇంగ్లండులో 21 కవల జంటలను పరీక్షించారు. అచ్చు ఒకే పోలిక ఉన్న కవలల్లో ఒకరికి ఆటిజం ఉంటే, కొన్ని జంటల్లో రెండోవారికి కూడా ఉండడం కనిపించింది. మామూలు కవలల్లో అలా కనిపించలేదు. అంటే దీనికి మూలం ఎక్కువగా పుట్టుకలోనే ఉందని తేలింది. కండ్ల రంగు, జుట్టు తీరు తల్లి వైపు నుంచి, తండ్రి వైపు నుంచి వచ్చినట్టే ఇది కూడా. కొందరిలో వంశంలో లేకుండానే కొత్తగా రావచ్చు. పెంపకానికి దీనితో సంబంధం లేదు.

టీకాల మీద కూడా ఇలాంటి పుకారే పుట్టింది. 1998లో ఇంగ్లండులో ఒక డాక్టరు 12 మంది పిల్లల గురించి వ్యాసం రాశాడు. తట్టు టీకాకు, ఆటిజానికి సంబంధం ఉందేమోనన్న అనుమానం రేపాడు. తర్వాత అందులో మోసం బయటపడింది. 2010లో ఆ పత్రిక వ్యాసాన్ని రద్దు చేసింది. ఆ డాక్టరు వైద్యం చేసే హక్కు కూడా పోయింది. టీకాల వల్ల ఆటిజం రాదు. బిడ్డకు టీకాలు మానిపించవద్దు.

డొనాల్డ్ కథ

ఆటిజం అని మొట్టమొదట గుర్తించిన పిల్లవాడి పేరు డొనాల్డ్ ట్రిప్లెట్. 1933లో అమెరికాలోని ఫారెస్ట్ అనే చిన్న ఊరిలో పుట్టాడు. అంకెలంటే ప్రాణం. మనుషులు పిలిస్తే పలికేవాడు కాదు. గిన్నెలు, మూతలు గిరగిరా తిప్పుతూ గంటలు గడిపేవాడు. అడ్డుపడితే గోల చేసేవాడు.

డాక్టర్ల సలహా మీద మూడేండ్ల వయసులో అతన్ని దూరంగా ఒక సంస్థలో ఉంచారు. అక్కడ బిడ్డ ఇంకా ముడుచుకుపోయాడు. తల్లిదండ్రులు ఓర్వలేక ఏడాదికే ఇంటికి తెచ్చుకున్నారు. తర్వాత లియో కానర్ అనే డాక్టరుకు చూపించారు. కానర్ 1943లో 11 మంది పిల్లల గురించి వ్యాసం రాశాడు. అందులో మొదటివాడు డొనాల్డ్. ఆటిజం అనే మాట ఆ తర్వాతే లోకమంతా తెలిసింది.

కొంతకాలం డొనాల్డ్‌ను ఒక వ్యవసాయ కుటుంబంలో ఉంచారు. ఆ రైతు దంపతులు డాక్టర్లు కారు. కాని బిడ్డ తీరు బాగా కనిపెట్టారు. ఏది చూసినా ఎంత పొడవు, ఎంత లోతు అని కొలుస్తుంటే, బావి తవ్వే పని పెట్టి దాని లోతు కొలిచి చెప్పమన్నారు. మక్క సాళ్లు అదే పనిగా లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. లెక్క ఆగలేదు. పని కూడా అయింది. 1945లో కానర్ చూడబోయాడు. అప్పుడు డొనాల్డ్ గుర్రాన్ని కట్టి చక్కగా సాళ్లు దున్నుతున్నాడు.

డొనాల్డ్ తర్వాత కాలేజీ చదివాడు. ఊరి బ్యాంకులో పనిచేశాడు. 27 ఏండ్లకు కారు నడపడం నేర్చుకున్నాడు. ఒక్కడే ఎన్నో దేశాలు తిరిగి వచ్చాడు. ఇంటివారు కలవారు. బ్యాంకు వాళ్లదే. ఆ అండ అందరికీ ఉండదు. కాని ఆయన బతుకు బాగుపడింది డబ్బుతోనే కాదు. ఊరు ఆయనను ఎగతాళి చేయలేదు. ఆయన మనుషులకు పేర్లకు బదులు నెంబర్లు పెడితే, నవ్వుతూ ఒప్పుకున్నారు. చాలా ఏండ్ల తర్వాత విలేకరులు ఆ ఊరికి వచ్చారు. 'ఆయన మనసు కష్టపెడితే ఊరుకోం' అని కొందరు వాళ్లను ముందే హెచ్చరించారు. డొనాల్డ్ 2023లో, 89 ఏండ్ల వయసులో చనిపోయాడు. చివరిదాకా ఆటిజం ఉంది. చివరిదాకా ఊరు కూడా ఉంది.

ఏ గుర్తులు చూడాలి?

ఏడాది నిండినా పేరు పిలిస్తే చూడకపోవడం.

ఏడాదిన్నర వచ్చినా కావలసినది వేలితో చూపకపోవడం, ఒక్క మాట కూడా రాకపోవడం.

రెండేండ్లు నిండినా రెండు మాటలు కలిపి అనకపోవడం. 'బువ్వ పెట్టు', 'అవ్వ రా' లాంటివి.

వచ్చిన మాటలు మళ్లీ పోవడం. ఇది ఏ వయసులో జరిగినా వెంటనే చూపించాలి.

చేతులు ఊపుతూ ఉండడం, గుండ్రంగా తిరగడం, వస్తువులు వరుసగా పెట్టడం.

ఒక్క గుర్తు కనిపించగానే ఆటిజం అనుకోవద్దు. 'వాళ్ల నాయనకు కూడా మాటలు ఆలస్యంగనే వచ్చినయి' అని ఏండ్లు గడపవద్దు. చిన్న వయసులో మెదడు త్వరగా నేర్చుకుంటుంది. రెండేండ్లకు మొదలుపెట్టిన శిక్షణ, ఎనిమిదేండ్లకు మొదలుపెట్టిన శిక్షణ ఒక్కటి కావు.

ఎక్కడికి పోవాలి?

ముందు అంగన్‌వాడీ టీచరుకు, ఆశ కార్యకర్తకు చెప్పాలి. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. దాని కింద డాక్టర్ల బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు, ఒకసారి సర్కారు బడులకు రావాలి. పుట్టినప్పటి నుంచి 18 ఏండ్ల దాకా పిల్లలను పరీక్షించాలి. ఆ బృందం వచ్చిన రోజు బిడ్డను ఇంట్లో దాచవద్దు. ముందు వరుసలో నిలబెట్టాలి. అవసరమైతే వాళ్లే జిల్లా దవాఖానకు రాసి పంపుతారు.

మొదట చెవి పరీక్ష చేయించాలి. వినపడక మాట రాకపోతే దానికి వేరే వైద్యం ఉంది. ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్ష ఏదీ లేదు. డాక్టరు బిడ్డను చూసి, తల్లిని అడిగి తెలుసుకుంటారు. అందుకే తల్లి చెప్పే ప్రతి సంగతీ విలువైనదే. కాగితం మీద రాసుకుపోతే ఇంకా మంచిది. 'ఏ నెలలో నడిచాడు, ఏ మాట అన్నాడు, దేనికి భయపడతాడు' అని నాలుగు ముక్కలు చాలు. రాయడం నేర్చుకున్న చేతికి ఇది మంచి పని.

సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1984లో పెట్టారు. ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లలను అక్కడ పరీక్షిస్తారు. తల్లిదండ్రులకు కూడా నేర్పుతారు. ఊరికి దగ్గరలో అయితే మండలంలో భవిత కేంద్రం గురించి బడిలో అడగాలి. ప్రత్యేక అవసరాలు ఉన్న పిల్లల కోసం విద్యాశాఖ వాటిని పెట్టింది.

ఆటిజాన్ని మాయం చేసే మందు లేదు. నిద్ర పట్టకపోతే, ఫిట్స్ వస్తే వాటికి మందులు ఉన్నాయి. 'పూర్తిగా నయం చేస్తాం, లక్ష రూపాయలు తెండి' అనేవారిని నమ్మవద్దు. మాట నేర్పే శిక్షణ, పనులు నేర్పే శిక్షణ, ఇంట్లో ఓర్పు. మేలు చేసేవి ఇవే.

ఇంట్లో ఏం చేయాలి?

పొడుగు మాటలు వద్దు. 'లే. నీళ్లు తాగు.' ఇలా చిన్నగా చెప్పాలి. చేత్తో చూపుతూ చెప్పాలి.

పాత క్యాలెండర్లు, పత్రికల నుంచి బొమ్మలు కత్తిరించాలి. అన్నం, నీళ్లు, స్నానం, నిద్ర, బడి. ఒక్కొక్కటి ఒక అట్ట మీద అంటించాలి. మాట రాని బిడ్డ నీళ్ల బొమ్మ తెచ్చి ఇస్తే వెంటనే నీళ్లు ఇవ్వాలి. బొమ్మలు ఇస్తే మాటలు రావని భయపడవద్దు. అడిగితే దొరుకుతుందని తెలిసిన బిడ్డకు అరిచే అవసరం తగ్గుతుంది.

రోజూ పనులు ఒకే వేళకు జరగాలి. మార్పు ఉంటే ముందే చెప్పాలి.

ఇష్టమైన దానితోనే పని నేర్పాలి. వరుసగా పెట్టడం ఇష్టమైతే కడిగిన గిన్నెలు వరుసగా పెట్టించాలి. లెక్కపెట్టడం ఇష్టమైతే గుడ్లు లెక్కపెట్టించాలి.

ఒక్క విషయంలో చాలా జాగ్రత్త ఉండాలి. ఆటిజం ఉన్న పిల్లలు కొందరు చెప్పకుండా ఇల్లు దాటిపోతారు. నీళ్లంటే చాలామందికి ఇష్టం. ప్రమాదం తెలియదు. ఇంటి దగ్గర మూత లేని బావి, కుంట ఉంటే కంచె వేయాలి. జాతరకు పోతే బిడ్డ మెడలోనో చేతికో పేరు, ఫోన్ నెంబరు రాసి కట్టాలి. బిడ్డ తప్పిపోకుండా కాపాడాలి గాని తాళ్లతో, గొలుసులతో కట్టేయవద్దు. కట్టేస్తే భయం పెరుగుతుంది. నేర్చుకునేది ఏమీ ఉండదు.

చట్టం ఏమంటుంది?

1999లో వచ్చిన జాతీయ ట్రస్టు చట్టంలో ఆటిజం పేరు ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలవుతోంది. అందులో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. ఆటిజం వాటిలో ఒకటి. 40 శాతం గాని అంతకంటే ఎక్కువ గాని వైకల్యం ఉందని సర్టిఫికెటు వస్తే, 6 నుంచి 18 ఏండ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. వైకల్యం ఉందన్న కారణంతో సర్కారు బడి బిడ్డను చేర్చుకోనని అనకూడదు.

సర్టిఫికెటుతో పాటు యూడీఐడీ కార్డు తీసుకోవాలి. నిరామయ అనే ఆరోగ్య బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం ఖర్చు వస్తుంది. పింఛను గురించి పంచాయతీ కార్యదర్శిని అడగాలి.

'నేను పోతే నా బిడ్డకు ఎవరు?' ఇది ప్రతి తల్లి గుండెలో ఉండే దిగులు. బిడ్డకు 18 ఏండ్లు నిండిన తర్వాత సంరక్షకులను నియమించడానికి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఒక కమిటీ ఉండాలని 1999 చట్టం చెబుతుంది. తల్లి బతికి ఉండగానే దానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఊరు చేయాల్సిన పని

1993లో జిమ్ సింక్లెయిర్ అనే అమెరికా మనిషి తల్లిదండ్రుల కోసం ఒక వ్యాసం రాశారు. ఆ రాసినవారికే ఆటిజం ఉంది. తమ కోసం ఏడవవద్దని, తమను తెలుసుకోవాలని అందులో కోరారు. ఆ తర్వాత ఆటిజం ఉన్నవారు చాలామంది ఇదే మాట చెబుతూ వచ్చారు. అందరి మెదడూ ఒక్క అచ్చులో పోసినట్టు ఉండదన్నారు. తేడా ఉన్నంత మాత్రాన తక్కువ కాదన్నారు.

రైతు ఇంటి ఆడవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. నల్లరేగడిలో పండేది చెలకలో పండదు. అందుకని చెలకను ఎవరూ తిట్టరు. దానికి ఏది పడుతుందో అది వేస్తారు. నీళ్లు, ఎరువు దానికి తగ్గట్టు చూస్తారు. పిల్లల విషయంలో కూడా అంతే. ఒప్పుకోవడం అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. బిడ్డను ఉన్నట్టుగా ఒప్పుకుని, తనకు తగ్గ సాయం చేయడం.

ఆ సాయం తల్లి ఒక్కతి చేయలేదు. రాత్రి నిద్ర ఉండదు. పనికి పోతే బిడ్డను చూసేవారు ఉండరు. పక్కింటి అక్క ఒక గంట కూర్చుంటే ఆ తల్లి కొంచెం నడుం వాలుస్తుంది. మహిళా సంఘం మీటింగుకు బిడ్డతోటే రమ్మంటే ఆమె ఇల్లు కదులుతుంది. పెండ్లిలో పిల్లవాడు చెవులు మూసుకుంటే డీజే చప్పుడు కొంచెం తగ్గించవచ్చు. బడిలో పిల్లలు 'పిచ్చోడు' అంటే పంతులు అక్కడే ఆపాలి. వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊరిలో మాట ఆలస్యమైన పిల్లలు ఉన్నారా? వాళ్లను ఎవరికైనా చూపించారా?

2. బిడ్డకు ఏదైనా అయితే ముందు తల్లినే ఎందుకు అంటారు?

3. రైతు దంపతులు డొనాల్డ్‌కు పని ఎలా నేర్పారు? మీ ఊరిలో అయితే ఏ పని నేర్పవచ్చు?

4. మీ మహిళా సంఘం ఇలాంటి తల్లికి వారానికి ఒక గంట ఎలా సాయపడగలదు?

5. మీ అంగన్‌వాడీకి డాక్టర్ల బృందం ఎప్పుడు వస్తుంది? అడిగి, తేదీ గోడ మీద రాయండి.